దురదాకు చారు

లొరేన్ అడవిలో ఏప్రిల్.
ఓక్ చెట్లు ఇంకా ఆకు పూర్తిగా విప్పుకోలేదు.
ఒదీల్ తిరియే మట్టిలోకి ఇనుపగొట్టం దింపి
పళ్ళ బిగువున మెలితిప్పి పైకి లాగింది.
గొట్టంలోంచి నా అరచేతిలోకి జారింది
తడితడిగా, నల్లగా, జానెడు కాలం.

"వాసన చూడు" అంది.
చూశాను. వాన, నానిన ఆకు.
"ఇంకా కింద?"
ఇంకా కింద నా ముక్కుకి ఏమీ అందలేదు.
"మేకలు" అంది.

ఇక్కడ చెట్టు లేని రోజుల్లో
ఒక దొడ్డి ఉండేదట.
రోమ్ నాణేలు చెల్లే రోజులు.
ఎవరి దొడ్డో, పేరు దొరకలేదు.
నాలుగు వరసల రాళ్ళు, గుప్పెడు పెంకులు,
కంటికి మిగిలింది అంతే.
కంటికి కనపడకుండా మిగిలింది పెంట.
ఎవడో ఒకడు, నడుం పట్టేసినవాడు,
పొద్దున్నే తిట్టుకుంటూ తట్టలకెత్తి
పక్క చెక్కలో కుమ్మరించిన పెంట.
వాడు పోయాడు. మేకలు పోయాయి.
వాడి దగ్గర పన్ను గుంజిన సామ్రాజ్యమూ పోయింది.
భాస్వరం పోలేదు.

"చూడు మరి" అని చెయ్యి చాచింది.
ఇక్కడిదాకా దురదాకు, మోకాలెత్తు, గుబురుగా.
అక్కణ్ణించి లేదు.
సర్వేయరు ఎప్పుడో చచ్చిపోయినా
సరిహద్దు ఇంకా డ్యూటీలో ఉంది.

గట్టుకి అవతల, నాగలి ఎరగని నేల మీద
తెల్ల ఆనెమొనె పూలు
ఆరబోసిన బియ్యంలా.
ఆ పువ్వు గింజని గాలికివ్వదు, పిట్టకివ్వదు.
చీమ మోసినంత దూరం,
వేరు పాకినంత దూరం,
మంచి ఏడాదైతే బొటనవేలంత.
"ఇటు వస్తోందా?" అడిగాను.
"వస్తోంది. తొందరేముంది,
నాలాగా దానికి రిటైర్మెంటు లేదుగా."

మధ్యాహ్నం ఓకార్ గారి రంపపు మిల్లు.
ప్రతి దుంగ మీదా ముందు మెటల్ డిటెక్టరు తిప్పుతాడు,
పొట్ట మీద చెయ్యేసి చూసే మంత్రసానిలా.
కీచుమంటే పక్కకి దొర్లిస్తాడు.
వందేళ్ళ కిందటి ఫిరంగిగుండు ముక్క.
చెట్టు దాన్ని ఉమ్మెయ్యలేదు,
ఏడాదికో వలయం కప్పుకుంటూ పెరిగింది.
ఇనుము చుట్టూ కొయ్య నీలంగా,
కమిలిన దెబ్బలా.
ఒకసారి డిటెక్టరు నోరెత్తలేదు,
రంపం పళ్ళు ఎగిరి రెండు వేళ్ళు పట్టుకుపోయాయి.
"ఆ యుద్ధంలో మా ఇంట్లో ఆఖరుగా గాయపడింది నేనే" అంటాడు
ఎడమచేత్తో కాఫీ తాగుతూ.

తిరిగొచ్చే దారి పొడుగునా గుండ్లు తవ్విన గుంటలు,
ఒక్కోదాన్లో ఒక్కో ఆకాశం ముక్క.
పసుపు పొట్ట కప్పలు పురిటికి చేరాయి.
ఆ గుంట ఎవరి చావు కోసం తవ్విందో
వాటికి ఎవరూ చెప్పలేదు.
చెప్పినా ఏప్రిల్లో ఆగుతాయా.

మనిషి లేని చోటికి పెట్టిన పేరే
అడవి అనుకునేదాన్ని.
ఇప్పుడు ఎక్కడ అడుగేసినా
ఎవరి వాకిట్లోకో చెప్పులతో దూరినట్టుంది.

సాయంత్రం ఒదీల్ చేతితొడుగులేసుకుని
దురదాకు చివుళ్ళు సంచీడు గిల్లింది.
ఒక బంగాళాదుంప, ఉల్లిపాయ, ఇంత వెన్న.
పచ్చగా, చిక్కగా కుతకుతలాడింది.
మొదటి చెంచాకి నాలుక కాలింది.
రెండో చెంచాకి ఉప్పు తక్కువని తెలిసింది.
మూడోదానికి
ఎవడో నడుం పట్టేసినవాడు
తట్ట దించి, వీపు నిమురుకుని,
"సరిపోయిందా?" అని అడిగినట్టయింది.

ఇంకొంచెం పొయ్యమని
గిన్నె చాచాను.